ఇరవై ఏడో లాటు ఎక్కడుంది: కాశీబుగ్గ జీడి లెక్కల ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 6

కాశీబుగ్గలో మావయ్యకు ఉన్న చిన్న జీడి యూనిట్టులో లెక్కంతా మూడు పుస్తకాల్లో ఉంటుంది. ఉద్దానం రైతులు తెచ్చిన పిక్కలు ఎన్ని బస్తాలో, ఎంత తూకమో మొదటి పుస్తకంలోకి ఎక్కుతుంది. ఏ లాటు (ఒక రైతు ఒకసారి తెచ్చిన బస్తాల గుంపు) ఎండలో ఉంది, ఏది బాయిలరుకు వెళ్లింది, ఏది కటింగు పూర్తయి బోర్మాలో (పప్పు ఆరబెట్టే వేడి గదిలో) ఆరుతోంది అన్నది రెండో పుస్తకం చెబుతుంది. గ్రేడు చేసి డబ్బాలకు ఎత్తిన పప్పు మూడో పుస్తకానిది. ఈ మూడింటినీ కలిపేది లాటు నంబరు ఒక్కటే. రైతు బస్తాలు దించి ధర మాట్లాడే వేళకు, పోయినసారి అతని పిక్కలకు పప్పు ఎంత దిగిందో మావయ్యకు తెలియాలి. గుమాస్తా గారు మూడు పుస్తకాలూ తిరగేసి ఆ సంగతి చెప్పేసరికి బేరం సగం అయిపోతుంది. ఆ వెతుకులాటను కంప్యూటరుకు అప్పగించడమే ఈ ప్రాజెక్టు. భాష జావా, ఎందుకంటే డిగ్రీలో నేను కొంతైనా శ్రద్ధగా చదివినది అదే.

లాటు అనే క్లాసు, అంటే ఒక లాటుకు ఏయే వివరాలు ఉండాలో చెప్పే నమూనా, రాయడం గంటలో అయిపోయింది. నంబరు, రైతు పేరు, వచ్చిన తేదీ, బస్తాలు, కిలోలు, ప్రస్తుతం ఏ దశలో ఉన్నదీ, అంతే. ఆ నమూనాతో ఒక లాటును ఆబ్జెక్టుగా చేయడం సులువే. చాలా లాట్లను ఒకచోట ఎలా ఉంచాలన్నదే అసలు పని అని సాయంత్రానికి అర్థమైంది. 50 గదుల అర్రే (ఒక్కో గదిలో ఒక్కో లాటు ఉండే వరుస) ఒకటి పెట్టుకుని మొదటి పుస్తకంలోని 63 లాట్లనూ ఎక్కించడం మొదలుపెట్టాను. 51వ లాటు దగ్గర ప్రోగ్రాము ఆగిపోయింది. అర్రే పరిమాణం పుట్టినప్పుడే ఖాయమవుతుంది, తరువాత పెరగదు. వెనుక నిలబడి చూస్తున్న మావయ్య "ఏటిరా, ఏభై లాట్ల తరవాత రైతులు రావడం మానేస్తారేటి?" అన్నాడు.

అర్రే తీసేసి అరేలిస్ట్ అనే పెరిగే జాబితా పెట్టాను. దాని లోపలా అర్రేయే ఉంటుంది. కాకపోతే మొదటి లాటు చేరినప్పుడు పది గదులతో మొదలై, నిండినప్పుడల్లా ఉన్నదానికి సగం కలుపుకుని కొత్త అర్రే చేసుకుని, పాతవాటిని అందులోకి నకలు చేసుకుంటుంది. 10, 15, 22, 33, 49, 73 అన్నది ఆ వరుస, అంటే నా 63 లాట్లు చేరేలోగా లోపల ఐదుసార్లు ఇల్లు మారిందన్నమాట. అలా మారేవి లాట్లు కావు, లాట్లు ఎక్కడ ఉన్నాయో చెప్పే చిరునామాలు మాత్రమే. ఈ ముక్క ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను, ముందు ముందు దీనితో పని పడేలా ఉంది.

ఏప్రిల్ 9

పని పూర్తయి డబ్బాలకు ఎక్కిన లాట్లను జాబితా నుంచి తీసేసే భాగం నిన్న రాశాను. లూపులో ఒక్కో లాటునూ చూస్తూ, పూర్తయినది కనిపిస్తే అక్కడికక్కడే తీసేయాలి. మూడు లాట్లతో, నడిమిది పూర్తయినట్టు పెట్టి పరీక్షిస్తే చక్కగా పనిచేసింది. ఈ రోజు 63 లాట్లతో నడిపితే, నువ్వు చూస్తున్న జాబితా నీ కళ్ల ముందే మారిపోయింది అన్న అర్థం వచ్చే తప్పు చూపి ఆగిపోయింది. జావాలో దాని పేరు కాంకరెంట్ మాడిఫికేషన్ ఎక్సెప్షన్. పేరులో కాంకరెంట్ అని ఉందని రెండు పనులు ఏకకాలంలో జరుగుతుంటేనే వస్తుందనుకున్నాను గానీ, ఒంటరిగా నడిచే లూపులో కూడా వస్తుంది.

తప్పు రావడం కన్నా, నిన్న అది రాకపోవడమే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. కాగితం మీద గీసుకుని చూస్తే తేలింది. జాబితా మీద నడిచే ఇటరేటరు దగ్గర ఒక వేలు ఉంటుంది, అది తరువాత చూడాల్సిన స్థానాన్ని చూపుతుంది. మూడింటిలో రెండోదాన్ని చూసేటప్పటికి ఆ వేలు 2 మీద ఉంది. ఆ లాటును తీసేయగానే జాబితా పరిమాణం కూడా 2 అయింది. ఇంకా ఏమైనా మిగిలిందా అన్న ప్రశ్నకు ఇటరేటరు ఈ రెండు అంకెలనూ పోల్చి, సమానం కాబట్టి ఏమీ లేదనుకుని లూపును ముగించింది. మూడో లాటును అసలు చూడనే లేదు. చివరి నుంచి రెండోదాన్ని తీసేసినప్పుడు మాత్రమే ఇలా మౌనంగా జరుగుతుంది; నేను పరీక్షకు ఎంచుకున్నది సరిగ్గా ఆ స్థానమే. ఆ మూడోది కూడా పూర్తయిన లాటే అయి ఉంటే జాబితాలో అలాగే ఉండిపోయేది, నాకు తెలిసేది కాదు.

లూపులో లిస్టును నేరుగా ముట్టుకోకుండా, ఇటరేటరు చేతనే తీయించడం ఒక మార్గం. జావా 8 నుంచి ఉన్న రిమూవ్ ఇఫ్ ఇంకా సూటిగా ఉంది: ఏవి పోవాలో షరతు ఒక్కటి చెబితే మిగతాది అది చూసుకుంటుంది. నేను రెండోదాన్నే వాడాను.

ఏప్రిల్ 14

లాటు నంబరు చెబితే లాటు దొరకాలి. ఇంతవరకు జాబితా మొదటి నుంచి చివరి దాకా చూసి వెతుకుతున్నాను. నిజం చెప్పాలంటే 63 లాట్లకు ఆ పద్ధతి చాలు, కంప్యూటరుకు అది రెప్పపాటు పని కూడా కాదు. వేగం కోసమే హ్యాష్‌మ్యాప్ (లాటు నంబరు లాంటి కీ చెబితే దానికి జత చేసిన లాటును ఇచ్చే పట్టిక) పెడుతున్నానని రాస్తే గొప్పకు రాసినట్టు అవుతుంది. ఒక నంబరుకు ఒకే లాటు ఉండాలన్న నియమాన్ని లిస్టు పట్టించుకోదు, మ్యాపు పట్టించుకుంటుంది. అందుకే మారాను.

ఆ నియమమే దెబ్బ తీసింది. మావయ్య పాత పుస్తకాలు కూడా ఎక్కించమన్నాడు. ఆయన కాలాన్ని తిత్లీకి ముందు, తిత్లీకి తరువాత అని లెక్కపెడతాడు. 2018 అక్టోబరు 11న ఆ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో జీడి తోటలు, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. ఏ తోట పిక్కలు అంతకు ముందు ఎలా దిగేవో, మొక్కలు మళ్లీ నాటాక ఎలా దిగుతున్నాయో పక్కపక్కన పెట్టి చూడాలని ఆయన కోరిక. సరేనని 2018 సీజను పుస్తకం ఎక్కించాను. ఎక్కించిన తరువాత ఈ సీజను లాట్లు చాలా వరకు కనిపించలేదు. లాటు నంబర్లు ప్రతి సీజనులోనూ ఒకటి నుంచే మొదలవుతాయి. అదే కీతో రెండోసారి పెడితే హ్యాష్‌మ్యాప్ గొడవ పెట్టదు, పాతదాన్ని తీసేసి కొత్తదాన్ని ఉంచుతుంది. తీసేసిన దాన్ని మన చేతికి తిరిగి ఇస్తుంది కూడా, కానీ నేను ఆ చెయ్యి చాచలేదు. అలా ఈ సంవత్సరం 27వ లాటు మీద ఆనాటి 27వ లాటు వచ్చి కూర్చుంది.

కాబట్టి కీ అంటే నంబరు ఒక్కటే కాదు, సీజనూ నంబరూ కలిపి. ఆ రెండూ ఉన్న చిన్న క్లాసు రాసి, రెండూ సమానమైతే కీలు సమానమని చెప్పే ఈక్వల్స్ అనే పద్ధతి రాశాను. పెట్టడం బాగానే జరిగింది. వెతికితే మాత్రం ప్రతి లాటుకూ శూన్యమే జవాబుగా వచ్చింది. హ్యాష్‌కోడ్ రాయడం మరచిపోయాను.

హ్యాష్‌మ్యాప్ వెతికే తీరు ఇది. కీని ముందు హ్యాష్‌కోడ్ అనే ఒక సంఖ్య అడుగుతుంది. ఆ సంఖ్యను బట్టి తన గదుల్లో ఒకదాన్ని ఎంచుకుంటుంది. మొదట 16 గదులుంటాయి, ముప్పాతిక వంతు దాటితే, అంటే పదమూడోది చేరగానే, రెట్టింపవుతాయి. ఎంచుకున్న గదిలో ఉన్నవాటితో మాత్రమే ఈక్వల్స్ ద్వారా పోల్చుకుంటుంది. నేను హ్యాష్‌కోడ్ రాయలేదు కాబట్టి జావా తన మామూలు పద్ధతిలో ప్రతి ఆబ్జెక్టుకూ దాని సొంత సంఖ్య ఇచ్చింది. పెట్టేటప్పుడు చేసిన కీకి ఒక సంఖ్య, వెతికేటప్పుడు కొత్తగా చేసిన కీకి వేరొక సంఖ్య. రెండూ సమానమని ఈక్వల్స్ సాక్ష్యం చెప్పడానికి సిద్ధంగా ఉన్నా, దాన్ని పిలిచే అవకాశమే రాలేదు. సమానమైన ఆబ్జెక్టులు ఒకే హ్యాష్‌కోడ్ ఇచ్చి తీరాలన్న నియమం పాఠంలో చదివినదే, పరీక్షలో రాసినదే.

కీ క్లాసును రికార్డుగా మార్చాను. జావా 16 నుంచి స్థిరపడిన ఈ రూపంలో రెండు అంశాల పేర్లు చెబితే చాలు, ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ రెండూ అదే సమకూరుస్తుంది, పైగా ఒకసారి పెట్టిన విలువలు తరువాత మారవు. ఈ చివరి గుణం ఎంత విలువైనదో అప్పటికి నాకు తెలియదు.

ఏప్రిల్ 15

పగలంతా కరెంటు లేదు. గుమాస్తా గారి దగ్గర కూర్చుని పాత పుస్తకంలో చెరిగిపోయిన అంకెలు సరిచూసుకున్నాను.

ఏప్రిల్ 21

ఈ రోజు సంగతి వివరంగా రాస్తాను, ఎందుకంటే రెండు రోజులు దీనికే పోయాయి.

కళ్లంలో ఎండుతున్న లాట్లను విడిగా చూపడానికి, హ్యాష్‌మ్యాప్ లాగే గదుల పద్ధతిలో నడిచే హ్యాష్‌సెట్ ఒకటి పెట్టాను. ఒక లాటు రెండుసార్లు చేరకూడదు, వరుసతో పని లేదు, ఉందా లేదా అని త్వరగా చెప్పాలి. ఇలాంటి చోట సెట్టే సరైనది. లాటు క్లాసుకు ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ కావాలి గనుక, నేను కోడు రాసుకునే ఎడిటరు చేత రాయించాను. ఏయే అంశాలు లెక్కలోకి రావాలని అది అడిగితే, అన్నింటికీ టిక్కు పెట్టి ముందుకు వెళ్లిపోయాను.

27వ లాటు 20 బస్తాలు, బస్తాకు 80 కిలోల చొప్పున 1,600 కిలోలతో కళ్లానికి వెళ్లింది. ఎండిన తరువాత మళ్లీ తూచి 1,548 అని నమోదు చేశాను. ఎండ పని అయిపోయింది కాబట్టి సెట్టులోంచి తీసేయమంటే తీయలేదు. 27 ఉందా అని అడిగితే లేదంది. సరే, ఉన్నవన్నీ చూపించమంటే మొదటి వరుసలోనే 27 కనిపించింది. అనుమానంతో అదే లాటును మళ్లీ చేర్చమన్నాను. చేర్చుకుంది. ఇప్పుడు ఒకదాన్ని రెండుసార్లు ఉంచుకోనని మాట ఇచ్చిన సెట్టులో ఒకే ఆబ్జెక్టు రెండుచోట్ల ఉంది.

జావాలోనే ఏదో లోపం ఉందని ఒక పూట నమ్మాను కూడా. లోపం నా టిక్కుల్లో ఉంది. లాటు సెట్టులో చేరినప్పుడు దాని హ్యాష్‌కోడ్ 1,600 కిలోలను కూడా కలుపుకుని లెక్క కట్టినది. ఆ సంఖ్యను బట్టి ఒక గది దొరికింది, ఆ సంఖ్యను సెట్టు తన దగ్గర రాసి పెట్టుకుంది కూడా. తూకం 1,548కి మారగానే లాటు ఇచ్చే హ్యాష్‌కోడ్ మారిపోయింది గానీ, లాటు ఉన్న గది మారలేదు. ఒకసారి లోపల పెట్టినవాటిని ఇవేమైనా మారాయా అని సెట్టు మళ్లీ వెళ్లి చూడదు. కొత్త సంఖ్యతో వెతికితే వేరే గది తలుపు తడుతుంది. ఎప్పుడైనా అదృష్టవశాత్తు అదే గది తగిలినా, రాసి పెట్టుకున్న పాత సంఖ్యతో కొత్త సంఖ్య కలవదు కాబట్టి కాదనే అంటుంది. అన్నింటినీ చూపించమన్నప్పుడు మాత్రం హ్యాష్‌కోడ్‌తో పని లేకుండా గదులన్నీ వరుసగా తిరుగుతుంది, అందుకే అప్పుడు కనిపించింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇది మావయ్యకు చెప్పాను. హ్యాష్ అన్న మాట ఎత్తకుండా, తూకం మారితే కంప్యూటరు దాన్ని వేరే లాటు అనుకుంటోంది మావయ్యా అని మాత్రమే అన్నాను. "తూకం మారితే బస్తా మారిపోద్దేటిరా? నంబరు రంగుతో ఏసిందే కదా" అని చారు పోసుకున్నాడు.

ఆ రంగు నంబరు సంగతి నాకు తెలియనిది కాదు. బస్తాలు దిగిన రోజునే వాటి మీద ఎర్ర రంగుతో సీజను, లాటు నంబరు వేస్తారు. ఆ తరువాత తూకాలు, దశలు, తేదీలు పుస్తకంలో ఎన్నిసార్లు మారినా ఆ రంగును ఎవరూ ముట్టుకోరు. ఏది ఫలానా లాటు అని నిర్ణయించేది అదే. నేను లాటు గురించి తెలిసినదంతా దాని గుర్తింపుగా భావించాను. ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ రెండింటిలోంచీ కిలోలు, దశ, తేదీ, రైతు పేరు అన్నీ తీసేసి, మొన్న రాసిన కీ రికార్డు ఒక్కటే ఉంచాను. లాటులో ఆ కీని ఫైనల్ చేశాను, అంటే లాటు పుట్టినప్పుడు వేసిన నంబరును తరువాత ఏ కోడూ మార్చడానికి వీల్లేదు. 27ను మళ్లీ తూచి, మళ్లీ తీయించాను. వెళ్లిపోయింది.

ఏప్రిల్ 26

వరుసల పని. బాయిలరుకు ముందు వచ్చింది ముందు వెళ్లాలి. దీనికి అరేలిస్ట్ మొదటి గదిలోంచి తీయవచ్చు గానీ, అలా తీసినప్పుడల్లా మిగిలినవన్నీ ఒక్కో గది ముందుకు జరగాలి. అర్రేడెక్ రెండు చివరల నుంచీ పెట్టడానికీ తీయడానికీ చేసినది కాబట్టి అది తీసుకున్నాను. ఇందులో విశేషమేమీ లేదు, చెప్పినట్టు చేస్తోంది.

విశేషం పెద్ద లాట్ల జాబితాలో ఉంది. మావయ్యకు కిలోలను బట్టి పెద్దవి పైన కనిపించాలి. ఎప్పుడూ వరుసలో ఉంచుతుంది కదా అని ట్రీసెట్ తీసుకుని, కిలోలను పోల్చే కంపేరేటరు ఒకటి ఇచ్చాను. ఈ సీజను లాట్లు 71కి చేరాయి. జాబితాలో 58 కనిపించాయి. పదేసి బస్తాలు తెచ్చిన రైతులు చాలామంది ఉన్నారు, వారందరి తూకమూ 800 కిలోలే. ట్రీసెట్ ఈక్వల్స్‌ను అడగదు. కంపేరేటరు సున్నా, అంటే సమానం, అన్నదంటే ఆ రెండూ ఒకటేనని తీర్మానించుకుని రెండోదాన్ని లోపలికి రానివ్వదు. మొన్న హ్యాష్‌సెట్ ఒకే లాటును రెండుగా చూసింది, ఈ రోజు ట్రీసెట్ వేర్వేరు రైతుల లాట్లను ఒకటిగా చూస్తోంది. రెండుచోట్లా ఏది ఏదో చెప్పాల్సిన బాధ్యత నాదే. కిలోలు సమానమైతే సీజనూ నంబరూ చూడమని కంపేరేటరుకు జోడించాను. 71 వచ్చాయి.

పప్పు గ్రేడులకు ఎనమ్ మ్యాప్ పెట్టాను; ఎనమ్ అంటే ముందే రాసి ఖాయం చేసిన పేర్ల జాబితా, ఆ పేర్లే ఈ మ్యాపుకు కీలు. డబ్ల్యూ 180, డబ్ల్యూ 210, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అన్న పేర్లలోని అంకె ఒక పౌనుకు ఎన్ని పలుకులు తూగుతాయో చెబుతుంది, అంకె చిన్నదైతే పలుకు పెద్దది. గ్రేడును ఉత్త అక్షరాలుగా ఉంచితే, వీటి వరకు అక్షరక్రమమే సరిపోయినా, బద్దలు, నూక వచ్చేసరికి వరుస చెడుతుంది. ఎనమ్‌లో మనం ఏ క్రమంలో రాస్తే మ్యాపు ఆ క్రమాన్నే పాటిస్తుంది. గ్రేడింగు బల్ల దగ్గర పనిచేసే అక్కను అడిగి, ఆమె బల్ల మీద డబ్బాలు ఉండే వరుసనే రాసుకున్నాను.

మే 2

బాయిలరు వరుస ఉన్నట్టుండి తారుమారైంది. నిన్న వచ్చిన లాటు మొదట ఉంది, వారం నాటిది అడుగున ఉంది. బాయిలరు వరుస భాగంలో ఎక్కడా నేను వరుస మార్చే కోడు రాయలేదు. చివరికి దొరికిన నేరస్థుడు నివేదిక అచ్చు వేసే భాగం. రోజంతటి లాట్లను రైతు పేరు ప్రకారం అమర్చి అచ్చు వేయడానికి అది, లాట్లన్నింటినీ ఉంచుకునే లాట్ల పుస్తకం క్లాసును జాబితా అడిగింది. ఆ క్లాసు తన లోపలి అరేలిస్ట్‌నే తీసి చేతిలో పెట్టింది. నివేదిక దాన్ని పేర్ల ప్రకారం సర్దుకుంది. ప్రోగ్రాము తిరిగి తెరిచినప్పుడు బాయిలరు వరుస ఆ జాబితాలోంచే నిండుతుంది. గుమాస్తా గారు అడిగిన ప్రతివారికీ అసలు పుస్తకమే ఇచ్చి పంపిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

ఇప్పుడు లిస్ట్ కాపీఆఫ్ ద్వారా, మార్చడానికి వీల్లేని నకలు ఇస్తున్నాను. నకలు చేయకుండా, అసలు జాబితాకే మార్చడానికి వీల్లేని చూపు మాత్రమే ఇచ్చే పద్ధతి కూడా ఉంది, కానీ అందులో అసలు జాబితా మారితే చూపు కూడా మారుతుంది. అచ్చు పడుతుండగా కొత్త లాటు వచ్చి చేరడం నాకు అక్కరలేదు. నకలులో మొదటి రోజు రాసుకున్న మాట మళ్లీ ఎదురైంది. నకలు అయ్యేది చిరునామాలే. ఆ జాబితాను సర్దడానికి, అందులో చేర్చడానికి, తీసేయడానికి నివేదికకు వీల్లేదు, కానీ అందులోని ఒక లాటును పట్టుకుని కిలోలు మారిస్తే అసలు లాటే మారుతుంది. అందుకని కిలోలు మార్చే అధికారం కూడా లాట్ల పుస్తకం క్లాసు ఒక్కదానికే ఉండేలా సర్దాను.

ఆ క్లాసును మొదట అరేలిస్ట్‌కు వారసురాలిగా రాశాను, పద్ధతులన్నీ ఉచితంగా వస్తాయని. ఉచితంగా వచ్చిన వాటిలో అన్నింటినీ ఒక్క మాటతో ఖాళీ చేసే పద్ధతి కూడా ఉంది. ఇప్పుడు లిస్టు, మ్యాపు రెండూ ఆ క్లాసు లోపల దాగి ఉన్నాయి. బయటికి లాటు చేర్చు, దశ మార్చు, నంబరుతో వెతుకు అన్న మూడు నాలుగు తలుపులే ఉన్నాయి.

జెనరిక్స్ విలువ కూడా ఈ వారమే తెలిసింది. స్నేహితుడు ఎక్కడో సంపాదించి ఇచ్చిన పాత గోదాము ప్రోగ్రాము ఒకటి చూశాను. 1998 డిసెంబరులో జావా 1.2తో పాటు జాషువా బ్లాక్ రూపొందించిన కలెక్షన్స్, అంటే ఈ లిస్టులు, సెట్లు, మ్యాపులు, వచ్చాయి గానీ, లిస్టులో ఏ రకం ఆబ్జెక్టులు ఉంటాయో ప్రకటించే ఈ జెనరిక్స్ వీలు 2004లో జావా 5తో వచ్చింది. ఆ ప్రోగ్రాము మధ్య కాలపుది. లాట్ల లిస్టులో ఎవరో రైతు పేరు పెట్టారు, పెట్టినచోట మాట రాలేదు, అచ్చు వేసేచోట కుప్పకూలింది.

మే 5

ఈ రోజు ఒక రైతు తెచ్చిన 40 బస్తాల్లో సగం తడిగా ఉన్నాయి. సగాన్ని నేరుగా బాయిలరు వరుసలో పెట్టి, సగాన్ని కళ్లానికి పంపారు. గుమాస్తా గారు క్షణం ఆలోచించకుండా పుస్తకంలో 74 అ, 74 ఆ అని రెండు వరుసలు రాసేశారు, బస్తాల మీద కూడా రంగుతో అదే వేయించారు. నా ప్రోగ్రాములో లాటుకు ఒకే దశ ఉంటుంది, కీలో అక్షరానికి చోటు లేదు.

లాటులో రెండు దశలు పెట్టే ఆలోచన కాసేపు చేసి మానేశాను, రంగు రెండు రకాలుగా పడిందంటే అవి రెండు లాట్లే. కీ రికార్డుకు మూడో అంశంగా భాగం చేర్చాను. చీల్చని లాట్లకు అది ఖాళీగా ఉంటుంది. రైతు 74 అని అడిగితే రెండూ రావాలి కాబట్టి, సీజనూ నంబరూ కీగా, లాట్ల లిస్టు విలువగా రెండో మ్యాపు ఒకటి అవసరమైంది. రికార్డు మారగానే దాన్ని వాడిన 14 చోట్ల కంపైలరు తప్పులు చూపింది. రాత్రి పదింటికి పది సరిచేశాను. మిగిలిన నాలుగూ పాత పుస్తకాలు ఎక్కించే భాగంలోనివి, అక్కడ 2018 పుస్తకంలో గుమాస్తా గారు అ, ఆ లకు బదులు 31/1, 31/2 అని రాసిన లాటు ఒకటి బయటపడింది. రేపు ఆయన వచ్చాక అడగాలి, అలాంటివి ఇంకెన్ని ఉన్నాయో.